ముప్పై ఏడో నెంబరు నవల

భానుమూర్తి ఆ ఏడాది అరవై ఒక్క నవలలు చదివినట్టు రిజిస్టరులో ఉంది. చదివాడా లేదా అన్నది వేరే సంగతి. రిజిస్టరులో మాత్రం ఉంది. ఎర్రసిరా గీతల మధ్య, వరస నెంబర్లతో, ఎక్కడా కొట్టివేత లేకుండా ఉంది.

ఆయన టెక్కలిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. ఇల్లు కాశీబుగ్గలో. పొద్దున్న ఎనిమిదిన్నర బస్సుకి టెక్కలి వెళ్ళడం, సాయంత్రం ఆరు దాటాక తిరిగి రావడం, ముప్పై ఏళ్ళుగా అదే ఆయన జీవితచరిత్ర. మధ్యలో పెళ్ళయింది. రెండు ప్రమోషన్లు వచ్చాయి, ఒకటి రాలేదు.

ఆ రిజిస్టరు కూడా ఆఫీసు పద్ధతిలోనే నడిచేది. వరస నెంబరు, నవల పేరు, అందిన తేదీ, పుటలు, ముగిసిన తేదీ, రిమార్కులు. ఆఫీసులో ఒక ఫైలు ముగిసిందంటే దాని నెత్తిన, దాన్ని ఎన్నాళ్ళు దాచాలో రెండక్షరాల్లో రాస్తారు. శాశ్వతంగా దాచవలసింది ఆర్.డిస్. ఏడాది దాచి చించేయదగింది ఎల్.డిస్. భానుమూర్తి నవలల నెత్తినా అవే రాసేవాడు. పేరుకో గడి ఉన్నా ఆయన నోట నవల పేరు ఎప్పుడూ రాలేదు, నెంబరే వచ్చేది. "ఏటి చదువుతున్నారు?" అని భార్య మంగతాయారు అడిగితే "నలభై రెండు" అనేవాడు. ఆవిడ మొదట్లో అది పుట అనుకుంది.

ఈ నవలల పిచ్చి వెనక ఒక శాలువా ఉంది. కాశీబుగ్గలో పాత వీధిలో భారతీ పఠన మందిరం అని ఒక చిన్న లైబ్రరీ. ఊళ్ళో పదిమంది చందాలు వేసుకుని నడుపుతారు. ఏటా డిసెంబరు ఆఖరి ఆదివారం వార్షికోత్సవం చేసి, ఆ ఏడు ఎక్కువ నవలలు చదివిన సభ్యుణ్ణి ఉత్తమ పాఠకుడని పిలిచి, శాలువా కప్పి, నచ్చిన నవల మీద అరగంట మాట్లాడమంటారు. ఎవరి లెక్క వాళ్ళే రాసుకుని తేవాలి. నాలుగేళ్ళుగా ఆ శాలువా రామూర్తి మేష్టారి భుజం మీదే పడుతోంది. రిటైరైన తెలుగు మేష్టారు, పైగా కమిటీ కార్యదర్శి. కిందటేడు ఆయన నలభై నాలుగు, భానుమూర్తి నలభై ఒకటి. మూడు నవలల్లో పోయింది.

సర్వీసులో కనీసం పాతికమంది అధికార్ల వీడ్కోలు సభలకి భానుమూర్తి చేత సన్మానపత్రాలు రాయించారు, శాలువాలు తెప్పించారు. ఆయన భుజం మీద ఎవరూ తువ్వాలు కూడా వెయ్యలేదు. ఇంకో నాలుగేళ్ళకి రిటైర్మెంటు. అప్పుడెలాగూ ఒకటి కప్పుతారు, అది లెక్కలోకి రాదు, అందరికీ కప్పుతారు. ఇది అలాంటిది కాదు. అందుకే ఆ ఏడు జనవరి ఒకటిన, అరవైకి తగ్గకూడదని నిర్ణయించుకున్నాడు.

అరవై నవలలంటే వారానికొకటి చాలదు. కాశీబుగ్గలో బస్సెక్కితే నందిగాం దాటేసరికి పాతిక పుటలు, టెక్కలి దిగేసరికి నలభై. మబ్బులు, వెన్నెల, పంటచేల వర్ణనలు వస్తే పేరా మొదటి మాటా చివరి మాటా చూసి దాటేసేవాడు. ఇదేమీ కొత్త విద్య కాదు. ఎనభై కాగితాల ఫైలుని పైకాగితం, అడుగు కాగితం చూసి, నడుమ పుటల నెంబర్లు వరసగా ఉన్నాయో లేవో సరిచూసి, కింద పొట్టి సంతకం పెట్టడం ఆయనకి చేతికొచ్చిన పని. పుటలు వరసగా ఉంటే ఫైలు సరిగ్గా ఉన్నట్టు. ఆ నియమం ఆయన్ని ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు.

ముప్పై ఏడో నెంబరు ఆగస్టులో వచ్చింది. సముద్రపొడ్డున ఒక ఊరి కథ. అచ్చియ్యమ్మ అనే ఆవిడ మొగుడు గుజరాత్ వైపు చేపల వేటకి వెళ్ళిపోయాడు. ఏడాదిగా కబురు లేదు. నూట పన్నెండో పుట ఆఖర్న జోరువానలో ఎవరో తలుపు కొట్టారు. అచ్చియ్యమ్మ లేచింది. పుట తిప్పితే నూట పదమూడు, మొదటి వాక్యంలో ప్లీడరు గారు తడిసిన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఓహో, తలుపు కొట్టింది ప్లీడరన్నమాట అనుకున్నాడు భానుమూర్తి. అక్కణ్ణుంచి కథంతా ప్లీడరుది. అన్నదమ్ముల మధ్య నూతి తగాదా, వాయిదాలు, ఆఖర్న రాజీ. అచ్చియ్యమ్మ మళ్ళీ కనపడలేదు. సముద్రమూ కనపడలేదు. పుటలు మాత్రం ఒకటి నుంచి రెండు వందల నలభై దాకా వరసగా ఉన్నాయి.

టెక్కలి బస్టాండులో దిగి, బెంచీ మీద కూర్చుని రిమార్కు రాశాడు. "నూట పన్నెండవ పుటతో రచయిత అన్ని పాత్రలను ఒక్కసారిగా విడిచిపెట్టి, జీవితంలో కొందరు మళ్ళీ కనిపించరన్న సత్యమును ధైర్యముగా నిరూపించినారు. ఇటువంటి ప్రయోగము ఈ ఏడాది మరొకటి తారసపడలేదు. ఆర్.డిస్." రాసి రెండుసార్లు చదువుకున్నాడు. ఆ నవల కంటే ఆ రిమార్కునే ఎక్కువ శ్రద్ధగా చదివాడు.

డిసెంబరు మూడో ఆదివారం పొద్దున్న కమిటీ లెక్కలు చూసింది. భానుమూర్తి అరవై ఒకటి, రామూర్తి మేష్టారు నలభై ఆరు. మేష్టారు కళ్ళజోడు సర్దుకుని రిజిస్టరు తిరగేసి, ముప్పై ఏడు దగ్గర ఆగి, ఈ నవల నేనూ చదివాను గాని ఈ కోణం నాకు తట్టలేదు, నువ్వు దీని మీదే మాట్లాడు మూర్తీ అన్నాడు. భానుమూర్తి మొహమాటంగా తలూపాడు. లోపల భుజాలు అప్పుడే వెచ్చబడ్డాయి.

కమిటీ వాళ్ళు కాఫీకి బయటకు వెళ్ళారు. భానుమూర్తి ఉపన్యాసం కోసం ముప్పై ఏడో నెంబరుని మళ్ళీ తన పేర రాయించుకుంటున్నాడు. సభ్యుడి నెంబరూ పుస్తకం నెంబరూ వేసేది గున్నయ్య. మందిరం తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. ఊడ్చేదీ, పుస్తకాలిచ్చేదీ, చిరిగినవి విప్పి కుట్టేదీ కూడా ఆయనే. అప్పుడే నీలవేణి వచ్చింది. ఉద్దానం వైపు ఒక ఊరి నుంచి రోజూ ఆటోలో పలాస వచ్చి జీడిపప్పు మిల్లులో పొట్టు తీసే పని చేస్తుంది. ఇంటరు దాకా చదివింది. వారానికో నవల పట్టుకెళ్ళి, మధ్యాహ్నం అన్నాల వేళ తన వరసలో కూర్చునే ఆడవాళ్ళకి పైకి చదివి వినిపిస్తుంది. వాళ్ళు పన్నెండుమంది. ఆమె ఒక నవల చూపించి ఇదేదో తేడాగా ఉందంటే, గున్నయ్య తలెత్తకుండా, నవలలంటే గుమస్తా బాబునడుగు, ఆయన అరవై సదివేరు అన్నాడు.

నీలవేణి వినయంగానే అడిగింది. "బాబూ, ప్లీడరు గారి కత నూట పన్నెండు పేజీల్దాకా బాగుంది. అన్నదమ్ములు కోర్టుకెక్కినారు. పేజీ తిప్పితే ఎవురో ఆడమనిసి తలుపు తీత్తంది. ఆ మనిసెవురు? ఎవురి కోసం సూత్తంది? నూతి తగువు ఏటయింది? మా వరసంతా నన్ను తినేత్తన్నారు."

భానుమూర్తికి ఆ క్షణంలో అనుమానం రావలసింది. రాలేదు. ఆనందం వచ్చింది. ఇద్దరు రచయితలు ఒకే పుట దగ్గర ఒకే ప్రయోగం చేశారంటే అది ప్రయోగం కాదు, ఉద్యమం అనుకున్నాడు. ఉపన్యాసానికి మంచి ఎత్తుగడ దొరికింది. జీవితంలో కొందరు మళ్ళీ కనిపించరమ్మా అని మొదలుపెట్టి, కథకి తలా తోకా ఉండాలనే పాతకాలపు పట్టుదల గురించీ, పాఠకుడు ఎదగవలసిన అవసరం గురించీ ఆవిడకి ఐదు నిమిషాలు చెప్పాడు. ఆవిడ పూర్తిగా వింది.

"జీడిపప్పులో గుండ్లూ బద్దలూ ఒక డబ్బాలో పోసేసి కొత్త రకం అంటే మా మేస్త్రీ ఒప్పుకోడు బాబూ," అంది. "ఏదీ, తమరి బుక్కు ఓపాలి ఇలాగివ్వండి."

రెండు పుస్తకాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒకే సంస్థ వేసినవి. ఒకే సైజు, ఒకే అక్షరం, రెండూ రెండు వందల నలభై పుటలే. ఆయన దాంట్లో నూట పన్నెండో పుట ఆఖరి వాక్యం మీద ఒక వేలు పెట్టి, తన దాంట్లో నూట పదమూడో పుట మొదటి వాక్యం మీద ఇంకో వేలు పెట్టింది. ఎవరో తలుపు కొట్టారు, అచ్చియ్యమ్మ లేచింది. లేచి తలుపు గడియ మీద చెయ్యి వేసింది. చిన్నపిల్లకి చూపించినట్టు చూపించింది. తర్వాత చేతులు మార్చి ప్లీడరు గారి కళ్ళజోడుకీ అలాగే చేసింది.

భానుమూర్తి ఆ వేళ్ళనే చూశాడు. జీడి జిగురుకి నల్లబడ్డ వేళ్ళు.

గున్నయ్యకి అప్పుడు గుర్తొచ్చింది. జూన్లో రెండూ చెదపట్టి విడిపోతే ఒకే రోజు విప్పి ఆరబెట్టి కుట్టాడు. పదహారేసి పుటల ఫారాలు ఏడు ఇక్కడివి, ఎనిమిది ఫారాలు అక్కడివి. తనకి చదువు రాదు, అంకెలే వచ్చు. ఇది ఎలా జరిగిందయ్యా అని భానుమూర్తి గట్టిగానే అడిగాడు. గున్నయ్యకి అందులో తప్పేమిటో అర్థం కాలేదు.

"అంకెలు సూసి కుట్టాను బాబూ," అన్నాడు. "తమరు సదివింతర్వాత కూడా ఏటీ అనలేదు. అవయితే వరసగానే ఉన్నాయి కదా."

అది భానుమూర్తి నియమమే. ఫైలు ఆయన సంతకంతో ముగిసింది.

అయినా నీలవేణి ప్రశ్న అలాగే ఉంది. పోనీ, తమరు అచ్చియ్యమ్మ కత ముందు సగం సదివేరు, ప్లీడరు కత ఎనక సగం సదివేరు, మాకు కావలసినవి ఆ రెండేను, నోటితో సెప్పండి చాలు అంది. న్యాయమైన కోరిక. భానుమూర్తి గొంతు సవరించుకున్నాడు. అచ్చియ్యమ్మ మొగుడు గుజరాత్ వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడు? కోపంతోనా, అప్పుతోనా? పిల్లలున్నారా? నూతి తగాదాలో రాజీ ఎవరు కుదిర్చారు? గుర్తు లేదు. గుర్తు లేదని తెలియడానికి కూడా కొంచెం సేపు పట్టింది. అలవాటుకొద్దీ రిజిస్టరు తీసి చూశాడు. రిజిస్టరులో ప్రయోగమని ఉంది. అందిన తేదీ ఉంది, ముగిసిన తేదీ ఉంది.

నీలవేణి ఆయన పుస్తకం తనకిమ్మంది, చదువుకుంటానంది. ఉపన్యాసానికి కావాలి, వచ్చే ఆదివారం దాకా ఇవ్వడం కుదరదన్నాడు భానుమూర్తి. అది తన నోట్లోంచే వచ్చిందని తర్వాత ఆయనకే నమ్మబుద్ధి కాలేదు. సరే, తన దాంట్లో సగం తమ వరసలో ఇద్దరు వినలేదు, వాళ్ళకి ఈ వారం చదువుతానంది నీలవేణి. "ఆదివారం మీటింగులో సెప్తారు కదా. మా వరసంతా వత్తాం. అచ్చియ్యమ్మ సంగతి అక్కడే ఇంటాం," అని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక ఈ సంగతంతా మంగతాయారుకి చెప్పాలనుకోలేదు, చెప్పాడు. ఆవిడ చిక్కుళ్ళు ఈనె తీస్తూ విని, రిజిస్టరు దగ్గరకు జరుపుకుంది. ఆయన తెచ్చిపెట్టిన వాటిలో తొమ్మిదో పదో ఆవిడ మధ్యాహ్నాలు చదివింది. ఎక్కడా రాసుకోలేదు.

"పద్నాలుగులో ఏమవుతుందండీ?"

రెండు వందల పన్నెండు పుటలు, ఏప్రిల్ మూడున ముగిసిందన్నాడు.

"నేనడిగింది పిల్లకి ఏమయిందని."

"పిల్లుందా?"

మంగతాయారు ఒక చిక్కుడుకాయ విరిచి పళ్ళెంలో వేసింది. ఇరవై రెండు అడిగింది. అది కొండల్లో జరుగుతుందన్నాడు. అది విశాఖపట్నం అంది ఆవిడ. యాభై అడిగింది. ఆ రోజు బస్సు టైరు పంక్చరయిందనీ, పూండి రోడ్డు దగ్గర గంట ఆగిందనీ, ఆ గంటలో అరవై పుటలు అయ్యాయనీ చెప్పగలిగాడు. నవలలో ఏం జరిగిందో చెప్పలేకపోయాడు. మంగతాయారు రిజిస్టరు మూసేసి ఇటు తోసింది. "బస్సు గురించి ఉపన్యాసం ఇవ్వండి. బాగా వస్తుంది," అంది.

ఆదివారానికి ఇంకా వారం ఉంది. మాట్లాడవలసింది ముప్పై ఏడు మీద. అందులో ఆయన దగ్గరున్నది సగం. ఇంకో నవల ఎంచుకుందామంటే మిగతా అరవైలో దేని మీదా నాలుగు వాక్యాలు చెప్పే స్థితి లేదు. కుట్టు సంగతి ఎత్తకుండా ఆ ప్రయోగం మాటే మాట్లాడితే శాలువా ఖాయం. మేష్టారికి తెలియదు. గున్నయ్య చెప్పడు, ఆయన దృష్టిలో తప్పే జరగలేదు. కానీ ముందు బెంచీలో పన్నెండుమంది కూర్చుంటారు.

సోమవారం బస్సులో ఒకటో పుట నుంచి మొదలుపెట్టాడు. ఈసారి వర్ణనలు వదల్లేదు. వదిలితే నీలవేణి అడుగుతుందన్న భయం. నందిగాం దాటేసరికి ఎనిమిది పుటలే అయ్యాయి. ఇన్నాళ్ళూ పుటకి ఎన్ని నిమిషాలో తెలిసిన మనిషికి, ఆ రోజు అచ్చియ్యమ్మ ఎండుచేపల గంప ఎత్తుకునేముందు మొగుడి పాత చొక్కాని చుట్టకుదురుగా చుట్టుకుని తలమీద పెట్టుకుంటుందని తెలిసింది. ఆగస్టులోనూ ఆ వాక్యం అక్కడే ఉండి ఉంటుంది. దాని మీంచి ఎలా వెళ్ళిపోయాడో ఊహించుకుంటే, ఆఫీసులో ఇంకా ఎన్ని కాగితాల మీంచి అలా వెళ్ళిపోయాడో అన్న ఆలోచన వచ్చింది. దాన్ని వెంటనే పక్కన పెట్టాడు. అన్నీ ఒకేసారి విప్పకూడదు.

బుధవారం తలెత్తేసరికి బస్సు కోటబొమ్మాళిలో ఆగి ఉంది. టెక్కలి ఎప్పుడు దాటిందో తెలియదు. కండక్టరు ముప్పై ఏళ్ళుగా టెక్కలిలో దిగే మనిషి దిగలేదేమిటని ఒకసారి చూశాడట, ఏదో పనుండి ముందుకు వెళుతున్నాడనుకున్నాడట. ఎదురు బస్సు పట్టుకుని ఆఫీసుకి వెళ్ళేసరికి పదకొండయింది. హాజరుపట్టీలో ఆయన పేరుకి ఎదురుగా మొదటిసారి ఎర్ర గీత పడింది.

శుక్రవారం సాయంత్రం నూట పన్నెండో పుటకి వచ్చాడు. వాన. ఎవరో తలుపు కొట్టారు. అచ్చియ్యమ్మ లేచింది. పుట తిప్పితే ప్లీడరు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. భానుమూర్తికి ఆ ప్లీడరుని కొట్టాలనిపించింది.

ఆదివారం మందిరంలో నలభైమంది దాకా వచ్చారు. మామూలుగా పదిహేనుమంది. మిగతా వాళ్ళు మిల్లు వరస, వాళ్ళతో వచ్చిన వాళ్ళు. ముందు రెండు బెంచీలూ నిండిపోయాయి. బల్ల మీద కవరులో శాలువా ఉంది. మెరూన్ రంగు. రామూర్తి మేష్టారు ముఖ్య అతిథిని కూర్చోబెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి మూర్తిని పిలిచాడు.

భానుమూర్తి లేచి, రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉంచేసి, తను అరవై ఒక్క నవలలు చదవలేదని చెప్పాడు. చదివింది సగం నవల. అది కూడా మొన్న శుక్రవారానికి. ముప్పై ఏడో నెంబరు నిజానికి రెండు నవలలనీ, తను ప్రయోగమని రాసింది కుట్టులో పొరపాటనీ, కుట్టిన వాడు అంకెలు చూశాడు, చదివిన వాడూ అంకెలే చూశాడనీ, ఇద్దరిలో గున్నయ్యకైనా చదువు రాదన్న సాకు ఉందనీ చెప్పాడు.

"మరి మిగతా అరవై ఏం చేశావు మూర్తీ?" అన్నాడు మేష్టారు.

"పుటలు సరిచూశానండి."

ముందు బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. భానుమూర్తి కూడా నవ్వాడు. నవ్వడం తేలిగ్గానే ఉంది. తర్వాత అచ్చియ్యమ్మ కథ చెప్పాడు. చొక్కా చుట్టకుదురు చెప్పాడు. మొగుడు వెళ్ళేరోజు ఆవిడ మాట్లాడకుండా గంజి కాచిందని చెప్పాడు. అరగంట ఉపన్యాసం ముప్పావు గంట అయింది, ఎవరూ లేవలేదు. వాన దగ్గరకు వచ్చాడు. ఎవరో తలుపు కొట్టారు, అచ్చియ్యమ్మ లేచింది అని ఆగాడు.

"ఆ తర్వాత నాకు తెలియదు. నీలవేణికి తెలుసు. ఎవరమ్మా తలుపు కొట్టింది?"

నీలవేణి లేచి నిలబడింది. అందరూ అటు తిరిగారు. ఆమె సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, ఆయన దగ్గరున్న పుస్తకం తీసుకుంది.

"సెప్పను బాబూ. సదూకోండి."

వరసలో కూర్చున్న బేబి అనే ఆవిడ, పోనీ మేష్టారూ, తమరు నలభై ఆరు సదివేరంట కదా, తమరొకటి సెప్పండి అంది. మిగతా ఆడవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. మేష్టారు తన లెక్కల నోటుబుక్కుని నెమ్మదిగా చేతిసంచిలోకి జార్చి, టైము చూసుకుని, ముఖ్య అతిథికి రైలు ఉందన్నాడు. ముఖ్య అతిథి ఆ ఊళ్ళోవాడే. ఈ ఏడాది ఉత్తమ పాఠకుడి విషయం కమిటీ మరోసారి పరిశీలిస్తుందని ప్రకటించారు. శాలువా కవరులోంచి బయటికి రాలేదు. భానుమూర్తి దాన్ని ఒకసారి చూశాడు. మంచి శాలువానే. ఈ లెక్కన తన భుజం మీద పడబోయేది రిటైర్మెంటు శాలువా ఒక్కటే. దాన్ని కొనుక్కురమ్మని కూడా తననే పంపిస్తారేమో.

గున్నయ్య మాత్రం పుస్తకాలు విప్పి సరిగ్గా కుట్టేస్తానన్నాడు. రెండు సగాలూ చదివేవాళ్ళ చేతుల్లో ఉన్నాయి, ఇప్పుడే ముట్టుకోవద్దని నీలవేణీ భానుమూర్తీ చెప్పారు.

సోమవారం పొద్దున్న బస్సులో కండక్టరు వచ్చి నిలబడేసరికి భానుమూర్తి నూట పదమూడో పుట తెరుస్తున్నాడు. రిజిస్టరు సంచిలోనే ఉంది. అందులో ముప్పై ఏడుకి ఎదురుగా ఆర్.డిస్. కొట్టేసి, ముగిసిన తేదీ కూడా కొట్టేశాడు. ఆ ఏడాది రిజిస్టరులో అదే మొదటి కొట్టివేత. మిగతా అరవైని ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.

"ఎక్కడికి కొట్టమంటారు సారూ?" అన్నాడు కండక్టరు. "టెక్కలికా, కోటబొమ్మాళికా?"

భానుమూర్తి పుట వైపు చూశాడు. అచ్చియ్యమ్మ తలుపు గడియ మీద చెయ్యి వేసి ఉంది.

"టెక్కలికే," అన్నాడు. "వచ్చినప్పుడు భుజం తట్టి లేపు."